పాత డిజిటల్ కెమెరాని ల్యాప్‌టాప్ అసలు గుర్తుపట్టట్లేదు, అమ్మమ్మ ఫొటోలు అందులోనే ఉన్నాయి

గోదారి_అమ్మాయి

అందరికీ నమస్కారమండి. కెమెరాలూ కంప్యూటర్లూ తెలిసినవాళ్ళు కాస్త సాయం చెయ్యండి.

మా ఇంట్లో పాత పాకెట్ కెమెరా ఒకటి ఉంది, రెండు పెన్సిల్ సెల్స్ వేసే రకం, 8 మెగాపిక్సెల్. 2015లో గోదావరి పుష్కరాలకి అందరం రాజమండ్రి వెళ్ళినప్పుడు కోటిలింగాల ఘాట్ దగ్గర మావయ్య దాంతోనే అమ్మమ్మకి ఫొటోలు తీశాడు. స్నానం అయ్యాక పసుపురంగు చీర కట్టుకుని మెట్ల మీద కూచుని తల ఆరబెట్టుకుంటూ ఎవరినో చూసి నవ్వుతూ ఉంటుంది ఒకదాంట్లో. అమ్మమ్మ పోయినేడాది కాలం చేసింది, వచ్చే నెల సంవత్సరీకం, ఆ ఫొటోనే పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించాలని మా అమ్మ కోరిక. ఫోన్లలో ఉన్నవన్నీ వాట్సాప్‌లో వచ్చినవి, స్టూడియోలో చూపిస్తే 12 బై 18 కి పెంచితే మొహం మసగ్గా వచ్చేస్తుంది అన్నారు.

ఇంక సమస్య ఏంటంటే, కెమెరా ఆన్ అవుతోంది, స్క్రీన్ మీద ఫొటోలు శుభ్రంగా కనిపిస్తున్నాయి, కానీ ల్యాప్‌టాప్‌కి పెడితే అసలు ఏమీ అవ్వట్లేదు, టుంగ్ అని సౌండ్ కూడా రాదు, దిస్ పీసీలో కొత్తగా ఏమీ కనపడదు, కంప్యూటర్‌కి తగిలించినవాటి జాబితా ఉండే డివైస్ మేనేజర్ తెరిచి చూసినా పసుపు గుర్తు లాంటిది కూడా ఏం లేదు. విండోస్ 11. కెమెరాతో వచ్చిన కేబుల్ ఎప్పుడో పోయింది, ఇంట్లో ఒక చిన్న ఎఫ్ఎం స్పీకర్ చార్జింగ్ కేబుల్ ఉంటే దాని మూతి సరిగ్గా సరిపోయింది, అదే వాడుతున్నా. పోర్ట్ మార్చి చూశా, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశా. మా వీధి చివర కంప్యూటర్ షాపు అబ్బాయి "డ్రైవర్ లేదండి, కెమెరాతో వచ్చిన సీడీ ఉంటేనే అవుతుంది" అన్నాడు. ఆ సీడీ లేదు, ఉన్నా ఈ ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదు. ఏం చెయ్యాలండి?

స్టూడియో_బాబాయ్

అమ్మా, సీడీ సంగతి వదిలెయ్. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ మామూలు కెమెరాలకి కావాల్సిన డ్రైవర్, అంటే కెమెరాతో కంప్యూటర్ మాట్లాడ్డానికి వాడే చిన్న ప్రోగ్రామ్, విండోస్‌లోనే ఉంటోంది. ఆ సీడీల్లో ఉండేది ఎక్కువగా ఆ కంపెనీ వాళ్ళ ఫొటోలు చూసుకునే సాఫ్ట్‌వేర్, అది లేకపోయినా ఫొటోలు దిగుతాయి. నేను విజయవాడలో చాలా ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపాను, పెళ్ళిళ్ళ సీజన్లో ఇదే గోల రోజూ ఉండేది, అందుకని నేను చూసే పద్ధతి చెప్తాను.

ముందు చెవితో వినాలి. కెమెరా పెట్టగానే సౌండ్ రాలేదు, డివైస్ మేనేజర్లో కొత్త లైనే రాలేదు అంటే అక్కడ ఏదో ఉందన్న సంగతే కంప్యూటర్‌కి తెలీలేదు. అప్పుడు డ్రైవర్ గురించి ఆలోచించడం దండగ. తప్పు కేబుల్లోనో, పోర్ట్‌లోనో, కెమెరా కరెంట్లోనో ఉంటుంది. అదే సౌండ్ వచ్చి "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్" అని పడి కింద కోడ్ 43 అని ఉంటే కంప్యూటర్ పలకరించింది, కెమెరా సరిగ్గా జవాబివ్వలేదు అని అర్థం, అది కేబుల్ లూజు వల్ల కావచ్చు, సాకెట్లో చిలుం వల్ల కావచ్చు. సౌండూ వచ్చి పేరు కూడా పడి ఫొటోలు మాత్రం తెరుచుకోకపోతే అప్పుడు సెట్టింగ్స్ చూడాలి. నీది మొదటి రకం.

నాకు ఎక్కువ అనుమానం ఆ కేబుల్ మీద. యూఎస్‌బీ కేబుల్ లోపల నాలుగు తీగలుంటాయి, ఎరుపు నలుపు రెండూ కరెంట్‌కి, తెలుపు ఆకుపచ్చ రెండూ డేటాకి. స్పీకర్లకీ ట్రిమ్మర్లకీ ఇచ్చే చవక కేబుల్స్‌లో ఆ తెలుపు ఆకుపచ్చ తీగలు పెట్టరు, పైకి చూస్తే అచ్చం ఒకేలా ఉంటాయి, మూతి కూడా సరిపోతుంది. దీనికి కెమెరాయే సాక్ష్యం చెప్తుంది చూడు. డేటా కేబుల్ పెట్టి కెమెరా ఆన్ చేస్తే చాలా పాకెట్ కెమెరాల్లో స్క్రీన్ ఆరిపోతుంది, లేదంటే కంప్యూటర్ బొమ్మో ప్రింటర్ బొమ్మో వస్తుంది. నీ కెమెరా ఏమీ ఎరగనట్టు ఫొటో చూపిస్తూనే ఉంటే దానికీ కబురు అందలేదన్నమాట.

ఇంకోటి సెల్స్. గోడ గడియారానికి వేసే సెల్స్ వేశావేమో చూడు. అవి కెమెరాకి చాలవు, లెన్స్ బయటికొచ్చేసరికే నీరసపడిపోతాయి, కంప్యూటర్‌కి పెట్టగానే ఆఫ్ అయిపోతుంది. ఆల్కలైన్ అని రాసున్నవి కొను, లేదా చార్జింగ్ పెట్టుకునేవి.

చార్మినార్_చాయ్

అక్కా, బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ నువ్వు కేబుల్ ఎనకాల పడుడు ఎందుకు? కెమెరాల ఉన్న మెమరీ కార్డ్ బయటికి తియ్యి, కార్డ్ రీడర్ల వెట్టు, ల్యాప్‌టాప్‌కి గుచ్చు, అయిపాయె. పెన్ డ్రైవ్ లెక్క ఓపెనయితది. హైదరాబాద్‌ల ఉంటే కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది, మీ దిక్కు ఏ మొబైల్ షాపుల అడిగినా ఇస్తరు, రెండు మూడొందలకి మించి పెట్టకు.

ఒక్కటి మాత్రం మస్తు జాగర్త. కార్డ్ వెట్టంగనే "ఫార్మాట్ చేయాలె, చేయమంటవా" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ కొట్టు. ఎస్ కొట్టినవంటే మళ్ల తిప్పలే. కొన్నిసార్లు రీడర్ పాతదైతే కూడా అట్లనే అడుగుతది, 2 జీబీ దాటిన కార్డులు ఎస్‌డీహెచ్‌సీ అయితయి, బాగా పాత రీడర్లకి అవి అర్థం కావు. కార్డ్ ఖరాబయిందనుకొని ఫార్మాట్ కొట్టినోళ్లని చాలామందిని చూసిన.

గోదారి_అమ్మాయి

ఇద్దరికీ థాంక్సండి. బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే కేబుల్ పెట్టి కెమెరా ఆన్ చేసి చూశాను, స్క్రీన్ ఆరలేదు, ఫొటోలు అలాగే చూపిస్తోంది. అంటే కేబుల్లో డేటా తీగలు లేనట్టేగా.

కార్డ్ రీడర్ కొన్నాను, 2 జీబీ కార్డ్ ఉంది కెమెరాలో, పెట్టగానే తెరుచుకుంది, డీసీఐఎం అని ఫోల్డర్, దాంట్లో ఇంకో ఫోల్డర్, ఫొటోలన్నీ ఉన్నాయి. కానీ అవన్నీ 2012లో అన్నవరం వెళ్ళినప్పటివి, మా తమ్ముడి ఓణీల ఫంక్ష... సారీ చెల్లి ఓణీల ఫంక్షన్‌వి. పుష్కరాల ఫొటో ఒక్కటి కూడా లేదు. గుండె ఆగినంత పనైంది. కార్డ్ బయటే ఉంచి ఊరికే కెమెరా ఆన్ చేశా, అప్పుడు అమ్మమ్మ ఫొటోలు కనపడుతున్నాయి! కార్డ్ మళ్ళీ పెడితే అవి మాయం, అన్నవరం ఫొటోలు వస్తున్నాయి. ఇదేంటో అర్థం కావట్లేదు.

టెక్_తమ్ముడు

అక్కా, డిలీట్ అయినవాటికి రికవరీ సాఫ్ట్‌వేర్స్ ఉంటాయి, ఫొటోరెక్ అని ఫ్రీగా దొరుకుతుంది, కార్డ్ మీద రన్ చేసి చూడు, పాతవన్నీ బయటికొస్తాయి.

స్టూడియో_బాబాయ్

తమ్ముడూ, ఫొటోరెక్ మంచిదే, నేనూ వాడాను, కానీ ఇక్కడ దాని అవసరం లేదు. ఏదీ డిలీట్ అవ్వలేదు.

అమ్మా, కంగారు పడకు, ఫొటోలు క్షేమంగా ఉన్నాయి. ఆ రోజుల పాకెట్ కెమెరాల్లో చాలావాటికి కార్డ్ కాకుండా లోపల సొంత మెమరీ కొంచెం ఉంటుంది, కెమెరాని బట్టి పది ఎంబీ నుంచి యాభై ఎంబీ దాకా. కార్డ్ లేకుండా ఫొటో తీస్తే అందులో పడుతుంది. కార్డ్ పెట్టగానే కెమెరా కార్డ్ ఒక్కటే చూస్తుంది, లోపలిది చూపించదు. పుష్కరాల రోజు మీ మావయ్య కార్డ్ పెట్టకుండా తీసుంటాడు, లేదా కార్డ్ నిండిపోయిందని తీసి జేబులో వేసుకుని ఉంటాడు. ఎనిమిది మెగాపిక్సెల్ ఫొటో ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీ ఉంటుంది కాబట్టి పది పన్నెండు ఫొటోలకే నిండిపోతుంది, నీకు కనపడేవి కూడా అన్నే ఉండుండాలి.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట. కార్డ్ లేకుండా కెమెరా ఆన్ చేసి ఉన్నప్పుడు మెనూలో ఫార్మాట్ అన్న దాని జోలికే వెళ్ళకు. కార్డ్ లేనప్పుడు అది లోపలి మెమరీనే తుడిచేస్తుంది. కార్డ్ లేదు కదా, ఏమవుతుందిలే అని నొక్కి పోగొట్టుకున్నవాళ్ళు మా షాపుకి వచ్చి ఏడ్చారు. డిలీట్ ఆల్ కూడా అంతే. సెల్స్ చాలాకాలం తీసేసి ఉంచితే ఆన్ చెయ్యగానే తేదీ పెట్టమని అడుగుతుంది, అది పెట్టుకో, దానివల్ల పాత ఫొటోలకి ఏమీ కాదు.

బయటికి తీసే దారి రెండు. ఒకటి సరైన డేటా కేబుల్ కొని కార్డ్ తీసేసి కెమెరాని ల్యాప్‌టాప్‌కి పెట్టడం, అప్పుడు లోపలి మెమరీ ల్యాప్‌టాప్‌లో కనపడుతుంది. షాపులో "మినీ యూఎస్‌బీ, ఐదు పిన్నులది, డేటా కేబుల్" అని అడుగు, కెమెరా కూడా తీసుకెళ్ళి అక్కడే పెట్టి చూడు, ఎందుకంటే కొన్ని కంపెనీల కెమెరాలకి చూడ్డానికి మినీ యూఎస్‌బీలాగే ఉండి కొంచెం చదునుగా ఎనిమిది పిన్నులుండే సాకెట్ ఉంటుంది, దాంట్లో ఐదు పిన్నులది బలవంతంగా తోస్తే లోపల పిన్ను వంగిపోతుంది. నీకు స్పీకర్ కేబుల్ సాఫీగా దిగిందంటున్నావు కాబట్టి ఐదు పిన్నులదే అయుండాలి.

రెండోది, నాకు నచ్చేది, కేబుల్ అక్కర్లేని దారి. కెమెరాలో కార్డ్ పెట్టి, ప్లేబ్యాక్ గుర్తు నొక్కి, మెనూలోకి వెళ్తే కాపీ అని ఉంటుంది. కొన్నిటిలో అది సెటప్ మెనూలో ఉంటుంది. అందులో రెండు దిక్కులు చూపిస్తుంది, కెమెరా నుంచి కార్డ్‌కి, కార్డ్ నుంచి కెమెరాకి. కెమెరా బొమ్మ ముందు, బాణం, తర్వాత కార్డ్ బొమ్మ ఉన్నది ఎంచుకో. తర్వాత ఆల్ ఇమేజెస్ అని కొట్టు. కార్డ్‌లో చోటు ఉందో లేదో ముందు చూసుకో, లేకపోతే అన్నవరం ఫొటోలు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, సరిగ్గా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక అప్పుడు కార్డ్‌లో కొన్ని తీసెయ్.

గోదారి_అమ్మాయి

కాపీ మెనూ దొరికింది బాబాయ్ గారూ!! కానీ నొక్కితే "కార్డ్ ఈజ్ లాక్‌డ్" అంటోంది. మా తమ్ముడి దగ్గర 64 జీబీ కార్డ్ ఉంటే అది పెట్టి చూశా, దానికేమో "కార్డ్ కెనాట్ బి యూజ్‌డ్" అని వచ్చి ఫార్మాట్ చెయ్యమని అడిగింది, మీరు చెప్పారని భయమేసి నో కొట్టి ఆఫ్ చేసేశా.

చార్మినార్_చాయ్

మంచిగ చేసినవ్ అక్కా. 64 జీబీది ఆ కెమెరాకి అక్కరకు రాదు. 32 జీబీ దాటితే ఎస్‌డీఎక్స్‌సీ కార్డ్ అంటరు, ఆ రకమే 2009ల వచ్చింది, దాని ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్, పాత కెమెరా దాన్ని సదువలేదు. నీ 2 జీబీదే వాడు.

లాక్ సంగతి చూడు, కార్డ్ చేతిల పట్టుకొని స్టిక్కర్ నీ దిక్కు పెట్టు, కోసినట్టుండే మూల పైకి ఉండాలె. ఎడమ పక్క అంచుకి చిన్న తెల్ల ముక్క ఉంటది, గోటితో జరుపుతే జరుగుతది. కిందికి ఉంటే లాక్, పైకి జరుపు. రీడర్ల గుచ్చి తీస్తున్నప్పుడు అది తగిలి కిందికి జరుగుతది శానా సార్లు. ఆ ముక్క ఊడిపోతే గిన అక్కడ సెల్లోటేప్ చిన్న ముక్క అతికియ్యి, పిన్నులకి తగలకుంట చూస్కో.

గోదారి_అమ్మాయి

వచ్చేశాయండీ!!! ఆ తెల్ల ముక్క కిందికే ఉంది, పైకి జరిపి కాపీ కొట్టా, కాసేపు తిరిగి అయిపోయింది. కార్డ్ రీడర్లో పెడితే కొత్త ఫోల్డర్ ఒకటి వచ్చింది, అందులో అన్నీ ఉన్నాయి. మెట్ల మీద కూచుని నవ్వే ఫొటో కూడా. పెద్ద స్క్రీన్ మీద చూసేసరికి అమ్మమ్మ చెవి దిద్దుల్లో తెల్లరాళ్ళు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి, అమ్మ చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇది 12 బై 18 కి పెంచొచ్చా బాబాయ్ గారూ? ఫైల్ మీద 3264 బై 2448 అని ఉంది.

స్టూడియో_బాబాయ్

చాలా సంతోషం తల్లీ. పెంచొచ్చు. 18 అంగుళాల వైపు 3264 పిక్సెల్స్ అంటే అంగుళానికి 180 పడుతుంది, గోడకి పెట్టి నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫొటోకి అది సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు 1600 పిక్సెల్స్‌కి తగ్గిపోతుంది, దాన్ని ఇంతే పెంచితే అంగుళానికి తొంభై కూడా రాదు, మొహం మసగ్గా వస్తుందని స్టూడియో వాళ్ళన్నది అందుకే. ఒకటే చూసుకో, ఫొటో నాలుగుకి మూడు కొలతలో ఉంది, 12 బై 18 ఇంకొంచెం పొడుగు, అంచులు కొంచెం కోస్తారు, పాదాలు తెగిపోకుండా చూడమని ముందే చెప్పు. స్టూడియోకి ఫైల్ పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్ళు, ఫోన్లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపు.

కెమెరా లోపల ఉన్నవి అప్పుడే తుడవకు, అలాగే ఉండనీ. ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, విడిగా ఇంకో పెన్ డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో ఒక కాపీ పెట్టు. ఇంకా, కెమెరా బీరువాలో పెట్టే ముందు సెల్స్ తీసేసి పెట్టు, సెల్స్ కారితే లోపలి రేకులు తినేస్తాయి.

మ్యూనిక్_తెలుగోడు

మధ్యలో వస్తున్నా, ఇది చదివేవాళ్ళలో బయట దేశాల్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని. నేను జర్మనీలో చదువుకుంటున్నా, ఇక్కడ కొన్న ల్యాప్‌టాప్‌కి కెమెరా పెడితే సౌండ్ వస్తుంది, డివైస్ మేనేజర్లో పసుపు గుర్తుతో పడుతుంది, ఫొటోలు మాత్రం రావు. కేబుల్ మార్చినా అంతే. చివరికి తేలింది ఏంటంటే నాది విండోస్ ఎన్ ఎడిషన్. యూరోపియన్ కమిషన్ 2004లో ఇచ్చిన ఆర్డర్ వల్ల ఇక్కడి కోసం మీడియా ప్లేయర్ లేకుండా ఎన్ ఎడిషన్లు అని అమ్ముతారు, వాటిలో ఆ మీడియా భాగాలతో పాటు కెమెరాలూ ఫోన్లూ ఫొటోలు పంపే ఏర్పాటు కూడా ఉండదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లో ఎడిషన్ పేరు చివర ఎన్ అని ఉంటే అదే. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి మీడియా ఫీచర్ ప్యాక్ యాడ్ చేసి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. ఇండియాలో కొన్న ల్యాప్‌టాప్‌లకి సాధారణంగా ఈ బాధ ఉండదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్

ఇంకో కేసు, ఆఫీస్ ల్యాప్‌టాప్. ఐటీ కంపెనీల్లో యూఎస్‌బీ స్టోరేజ్ పాలసీతోనే బ్లాక్ చేసి పెడతారు, కెమెరా పెడితే యాక్సెస్ డినైడ్ అనో అసలు కనపడకపోవడమో జరుగుతుంది, మౌస్ కీబోర్డ్ మాత్రం పనిచేస్తాయి కాబట్టి పోర్ట్ బానే ఉందనిపిస్తుంది. దాన్ని దాటడానికి చూడకండి, సెక్యూరిటీ టీమ్‌కి అలర్ట్ పోతుంది. ఇంట్లో సొంత కంప్యూటర్లోనే పెట్టి చూడండి.

ఇప్పుడు నా డౌట్. నాది క్యానన్ డీఎస్ఎల్ఆర్, వైఫై ఉన్నది. ఒరిజినల్ కేబులే, మొన్నటిదాకా పనిచేసింది, ఇప్పుడు ల్యాప్‌టాప్ కనుక్కోవట్లేదు. మధ్యలో చేసిందల్లా ఫోన్‌కి ఫొటోలు పంపుకోడానికి వైఫై పెట్టడమే. బాబాయ్ గారు చెప్పగలరా?

స్టూడియో_బాబాయ్

కారణం నువ్వే చెప్పావు నాయనా. వైఫై ఉన్న క్యానన్ ఈఓఎస్ రకం కెమెరాల్లో చాలావాటికి మెనూలో వైఫై ఎనేబుల్ అయి ఉంటే కేబుల్‌తో కంప్యూటర్ కనెక్షన్ పనిచెయ్యదు, మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మెనూలో వైఫై డిజేబుల్ చేసి, కెమెరా ఆఫ్ చేసి, కేబుల్ పెట్టి, మళ్ళీ ఆన్ చెయ్యి.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్

డిజేబుల్ చేశా, వెంటనే సౌండ్ వచ్చింది, కెమెరా పేరు కనపడుతోంది. కానీ పెన్ డ్రైవ్‌లా ఈ, ఎఫ్ అని అక్షరం రాలేదు, అది మామూలేనా?

స్టూడియో_బాబాయ్

మామూలే. క్యానన్ డీఎస్ఎల్ఆర్‌లు పీటీపీ అనే పద్ధతిలో మాట్లాడతాయి, అందులో డ్రైవ్ అక్షరం రాదు, దిస్ పీసీలో కెమెరా బొమ్మతో పేరు పడుతుంది. ఆ పద్ధతికి ఐఎస్ఓ 15740 అని ప్రమాణం కూడా ఉంది. పాత నికాన్‌లూ సోనీలూ కొన్నిటిలో మెనూలో యూఎస్‌బీ కనెక్షన్ అని ఉంటుంది, అక్కడ పీటీపీ తీసి మాస్ స్టోరేజ్ పెడితే డ్రైవ్‌లా వస్తుంది, ఒకటి పనిచెయ్యకపోతే రెండోది పెట్టి చూడొచ్చు. మ్యాక్ ఉన్నవాళ్ళు పీటీపీ కెమెరా ఫైండర్‌లో కనపడలేదని కంగారు పడకుండా ఇమేజ్ క్యాప్చర్ అనే యాప్ తెరవండి, అందులో ఉంటుంది. నువ్వు ఆ పేరు మీద డబుల్ క్లిక్ చేసి డీసీఐఎం దాకా వెళ్ళి కాపీ పేస్ట్ చేసుకో. కట్ పేస్ట్ చెయ్యకు, మధ్యలో కేబుల్ కదిలిందంటే ఫొటో అటూ ఉండదు ఇటూ ఉండదు.